డిఫ్ లాకా, కంప్యూటరా? ఆఫ్‌రోడ్ కోసం ఫోర్ బై ఫోర్ ఎంచుకునే ముందు

ఫోర్ బై ఫోర్ కొందామనుకునేవాళ్లలో చాలామంది ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోతారు. లివర్లు, డిఫ్ లాక్‌లు ఉన్న మొరటు బండి తీసుకోవాలా, లేక డయల్ తిప్పితే ఇసుక, బురద, రాళ్లు అంటూ మోడ్‌లు మారే కొత్త తరం బండి తీసుకోవాలా? ఎవరినైనా అడిగి చూడండి, ఒకరు ఎలక్ట్రానిక్స్ పేరెత్తితేనే కస్సుమంటారు, ఇంకొకరు బటన్ నొక్కితే చాలు, మిగతాది బండే చూసుకుంటుందంటారు. ఈ ఇద్దరి మాటా పట్టుకుని డబ్బు పెట్టొద్దు. టైరుకు లేని పట్టును ఏ కంప్యూటరూ తెచ్చిపెట్టలేదు. ఉన్న పట్టులో ఏ చక్రానికి ఎంత బలం పంపాలో చూసుకోవడమే దాని పని, ఆ పని మాత్రం కొన్నిచోట్ల ఎంత చేయి తిరిగిన డ్రైవర్ కన్నా బాగా చేస్తుంది. అందుకే నేను చెప్పే వరుస ఇది: ముందు ఇనుము చూడండి, తర్వాత కంప్యూటర్ చూడండి, ఆ తర్వాత ఆ కంప్యూటర్‌ని అవసరమైనప్పుడు పక్కన పెట్టే బటన్ ఉందో లేదో చూడండి.

చక్రం గాల్లోకి లేచినప్పుడు

గొడవంతా డిఫరెన్షియల్ దగ్గర మొదలవుతుంది. మలుపులో బయటి చక్రం లోపలి చక్రం కన్నా ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి రెండిటి మధ్యా డిఫ్ పెడతారు. మామూలు ఓపెన్ డిఫ్, అంటే లాక్ లేని డిఫ్, రెండు పక్కలకీ ఎప్పుడూ సమానంగా టార్క్ (తిప్పే బలం) పంచుతుంది. చిక్కల్లా ఏమిటంటే, గాల్లో ఉన్న చక్రాన్ని తిప్పడానికి టార్క్ దాదాపు అక్కర్లేదు, దానికి ఎంత అందుతుందో నేలమీదున్న చక్రానికీ అంతే అందుతుంది. అంటే దాదాపు సున్నా. ముందు ఒక చక్రం, వెనక ఐమూలగా ఇంకో చక్రం లేచాయా, ఇక ఫోర్ బై ఫోర్ అని బండి వెనక ఎంత పెద్ద అక్షరాలతో రాసున్నా ఆ రెండు చక్రాలూ గాల్లో గిర్రున తిరుగుతాయి, బండి మాత్రం అంగుళం కదలదు.

దీనికి రెండు దారులు. ఒకటి డిఫ్‌ని లాక్ చేయడం. రెండోది, ఊరికే తిరుగుతున్న చక్రానికి బ్రేక్ వేయడం. ఈ రెండిటి తేడా అర్థమైతే మీ నిర్ణయం సగం అయిపోయినట్టే.

లాక్ వేస్తే రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించినట్టు కలిసి తిరుగుతాయి. పట్టున్న చక్రానికి ఆ యాక్సిల్‌కి వచ్చిన టార్క్ మొత్తం వెళ్లగలదు, ఏదీ వృథా కాదు, చక్రం ముందు జారేదాకా ఆగాల్సిన పనీ లేదు. 1979లో వచ్చిన మెర్సిడెస్ జీ క్లాస్ ఇంజన్ మోడళ్లు ఇప్పటికీ ముందు, మధ్య (రెండు యాక్సిళ్ల మధ్య ఉండే డిఫ్‌కి), వెనక మూడు లాక్‌లతో వస్తున్నాయంటే కారణం ఇదే. 2003 మోడల్ జీప్ రాంగ్లర్ రూబికాన్‌కి అంత పేరు రావడానికీ ఇదే కారణం, ఫ్యాక్టరీ నుంచే రెండు యాక్సిళ్లకీ లాక్‌లు, 4:1 నిష్పత్తితో లో రేంజ్ (వేగం తగ్గించి బలం పెంచే అదనపు గేర్) ఇచ్చారు.

అలాగని లాక్ అన్నిచోట్లా మంచిది కాదు. ముందు డిఫ్ లాక్ వేస్తే స్టీరింగ్ బరువెక్కిపోతుంది, బండి తిరగనని మొండికేస్తుంది. పక్కకి ఒరిగిన తడి వాలు మీద వెనక లాక్ వేసి ఎక్కువ యాక్సిలరేటర్ ఇస్తే రెండు వెనక చక్రాలూ ఒకేసారి జారతాయి, జారితే బండి వెనక భాగం వాలు కిందికి కొట్టుకుపోతుంది. ఓపెన్ డిఫ్ అయితే ఒక చక్రం జారినా రెండోది నెమ్మదిగా దొర్లుతూ బండిని పక్కకి జారకుండా పట్టుకునేది. ఇక గట్టి రోడ్డు మీద లాక్ తీయడం మర్చిపోతే చక్రాలు వేర్వేరు వేగంతో తిరగడానికి వీల్లేక ఒత్తిడంతా యాక్సిల్ షాఫ్ట్‌ల మీద, గేర్ పళ్ల మీద పడుతుంది. కాబట్టి లాక్ ఎప్పుడు వేయాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు తీయాలో తెలిసిన మనిషి చేతిలోనే అది పనికొస్తుంది.

బ్రేక్ వేసి నెగ్గుకొచ్చే పద్ధతి

ఊరికే తిరిగే చక్రానికి బ్రేక్ వేసే ట్రాక్షన్ కంట్రోల్, బ్రేక్ నొక్కినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కడుపున పుట్టింది. 1978లో బాష్ ఏబీఎస్ మెర్సిడెస్ ఎస్ క్లాస్‌లో వచ్చాక, తర్వాతి ఏళ్లలో ప్రతి చక్రానికీ వేగం చెప్పే సెన్సర్, ప్రతి బ్రేక్‌నీ విడిగా నడిపే పంపు సిద్ధమయ్యాయి. వాటినే తిరగేసి వాడుకోవచ్చని 1990ల మొదట్లో రేంజ్ రోవర్ చూపించింది, తర్వాత టయోటా లాండ్ క్రూజర్‌లో ఏ-ట్రాక్ పేరుతో వచ్చింది, ఇప్పుడైతే ఏదో ఒక రూపంలో అందరి దగ్గరా ఉంది.

ఇది ఎలా పనిచేస్తుందో లోపల కూర్చుని చూస్తేనే బాగా తెలుస్తుంది. ఐమూల గుంతలోకి నెమ్మదిగా దిగారు, వెనక కుడి చక్రం లేచింది, బండి ఆగింది. ఇక్కడ కొత్తవాళ్లంతా చేసే పని యాక్సిలరేటర్ వదిలేసి మళ్లీ నొక్కడం, మళ్లీ వదలడం. వదిలేస్తే కంప్యూటర్‌కి పని చేయడానికి ఏమీ మిగలదు. కాలు కదపకుండా ఇంజన్‌ని ఒక రెండు వేల ఆర్పీఎం దగ్గర నిలకడగా పట్టి ఉంచండి. లేచిన చక్రం తిరుగుతుంది, ఒక సెకనో రెండు సెకన్లో ఏమీ జరగదు, అప్పుడు బానెట్ కింద నుంచి టకటకమని ఏబీఎస్ పంపు మోత మొదలవుతుంది, బండంతా చిన్నగా అదురుతుంది, తిరిగే చక్రం ఆగి ఆగి తిరుగుతుంది, ఎడమ చక్రం నేలని కరుచుకుంటుంది, బండి అడుగు ముందుకేసి గుంతలోంచి పైకి లేస్తుంది. ఆ రెండు సెకన్లు ఓపిక పట్టలేకపోవడం వల్లే చాలామంది తమ బండి ట్రాక్షన్ కంట్రోల్ దండగ అనుకుంటారు. అది దండగ కాదు, నేర్చుకోవాల్సిన పద్ధతి వేరు.

కానీ దీనికి ఒక ఖరీదు ఉంది, దాన్ని కంపెనీల ప్రకటనలు చెప్పవు. ఓపెన్ డిఫ్ రెండు పక్కలకీ సమానంగా పంచుతుందన్నాను కదా, బ్రేక్ వేసినా ఆ సూత్రం మారదు. గుంతలోంచి లేవడానికి పట్టున్న చక్రానికి వెయ్యి న్యూటన్ మీటర్లు కావాలంటే, గాల్లో ఉన్న చక్రాన్ని కూడా బ్రేక్ వెయ్యి న్యూటన్ మీటర్లతో పట్టి ఉంచాలి, అంటే ఇంజన్ ఆ యాక్సిల్‌కి రెండు వేలు పంపాలి. అదే లాక్ ఉంటే వెయ్యితో పని అయిపోయేది. మిగిలిన వెయ్యీ బ్రేక్ డిస్క్‌లో వేడిగా పోతుంది. ఒకటి రెండు గుంతలకు పర్వాలేదు. గంటల తరబడి రాళ్ల దారిలో ఇదే పని చేస్తూ పోతే బ్రేకులు కాగిపోతాయి, చాలా బండ్లలో ఒక హద్దు దాటాక వాటిని కాపాడుకోవడానికి కంప్యూటర్ ట్రాక్షన్ కంట్రోల్‌ని కాసేపు ఆపేస్తుంది. అది ఆగేది మామూలుగా మీకు దాని అవసరం బాగా ఉన్న చోటే.

అప్పుడప్పుడూ కచ్చా దారులు, అడవి బాటలు, వాన కురిసిన మట్టిరోడ్లు తొక్కేవాళ్లకి మంచి ట్రాక్షన్ కంట్రోల్ చాలు, లాక్ కోసం వెతుక్కోనక్కర్లేదు. రాళ్ల మీద పాకించడం, ఆఫ్‌రోడ్ ట్రయల్స్ పోటీలు, లోతు గాడుల బురద మీ సరదా అయితే కనీసం వెనక లాక్ లేనిదే తీసుకోవద్దు. రెండూ ఉన్న బండి దొరికితే అదే అన్నిటికన్నా మేలు, వెనక యాక్సిల్‌కి లాక్, ముందు యాక్సిల్‌కి బ్రేక్ ట్రాక్షన్. ముందు చక్రాలు స్టీరింగ్ మాట వింటూనే ఉంటాయి, వెనక గట్టి తోపు ఉంటుంది. అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కొన్ని మోడళ్లలో వెనక లాక్ వేయగానే ట్రాక్షన్ కంట్రోల్ నాలుగు చక్రాలకీ ఆగిపోతుంది, ముందు యాక్సిల్ మళ్లీ ఓపెన్ డిఫ్ అయిపోతుంది. లాక్ వేసిన తర్వాత ముందు చక్రాల ట్రాక్షన్ పనిచేస్తుందా లేదా అన్నది మాన్యువల్‌లో వెతికి చదివి, కుదిరితే ట్రయల్‌లో పరీక్షించి మరీ తేల్చుకోండి.

టోర్సెన్ లాంటి మెకానికల్ లిమిటెడ్ స్లిప్ డిఫ్‌ల (జారడాన్ని గేర్లతోనే తగ్గించే డిఫ్‌ల) గురించి కూడా అడుగుతారు. జారే చక్రం దగ్గర కొంచెమైనా పట్టు ఉంటే దానికి కొన్ని రెట్లు టార్క్ రెండో పక్కకి పంపుతుంది, చాలా సాఫీగా ఉంటుంది. చక్రం పూర్తిగా గాల్లో ఉంటే సున్నాని ఎన్ని రెట్లు చేసినా సున్నాయే. అప్పుడు ఎడమ కాలితో బ్రేక్ కొద్దిగా నొక్కితే కొంత దారికొస్తుంది.

ఇసుకలో కథ తిరగబడుతుంది

రాళ్లలో, గుంతల్లో సాయం చేసిన ఎలక్ట్రానిక్స్ ఇసుకలో అడ్డం తిరుగుతాయి. మెత్తటి ఇసుకలో నాలుగు చక్రాలూ కొద్దికొద్దిగా జారుతూనే ఉండాలి, బండికి ఊపు ఉండాలి. రోడ్డు మీద బండి అదుపు తప్పకుండా చూడటానికి తయారైన స్టెబిలిటీ కంట్రోల్‌కి చక్రం జారడం కనిపించగానే ప్రమాదం అనిపిస్తుంది, ఇంజన్ బలం కోసేస్తుంది. ఇసుక తిన్నె సగం ఎక్కాక మీరు యాక్సిలరేటర్ నేలకి నొక్కి ఉంచినా ఇంజన్ గొంతు నొక్కేసినట్టు ఆగిపోవడం, ఊపు పోవడం, చక్రాలు ఇసుకలో దిగబడటం వరసగా జరిగిపోతాయి. అందుకే ఇసుక ఎక్కే ముందు రెండు పనులు తప్పనిసరి: టైర్లలో గాలి తగ్గించడం, స్టెబిలిటీ కంట్రోల్ ఆపేయడం. గాలి 15 నుంచి 18 పీఎస్ఐ దాకా దించితే టైరు నేల మీద పరుచుకుని బరువు ఎక్కువ చోటుకి పంచుతుంది, ఏ శాండ్ మోడ్ కన్నా ఈ ఒక్క పనే ఎక్కువ తేడా చూపిస్తుంది.

ఏబీఎస్ సంగతీ ఇంతే. తారు మీద ప్రాణాలు కాపాడేది వదులు కంకర మీద, ఇసుక మీద ఆగే దూరాన్ని పెంచుతుంది, ఎందుకంటే అక్కడ లాక్ అయిన చక్రం ముందు కంకర కుప్పగా పోగై బండిని ఆపుతుంది, ఏబీఎస్ ఆ కుప్ప పోగవనివ్వదు. మంచి ఆఫ్‌రోడ్ బండ్లలో లో రేంజ్ వేసినా, ఆఫ్‌రోడ్ మోడ్‌లో పెట్టినా చక్రం కాసేపు లాక్ అయ్యేలా ఏబీఎస్ తీరు మారుతుంది. రోడ్డు కార్ల మీద కట్టిన ఎస్‌యూవీల్లో చాలావాటికి ఆ ఏర్పాటు ఉండదు.

వాలు దిగడం

వాలు మీద బండిని తనంతట తనే నెమ్మదిగా దించే హిల్ డిసెంట్ కంట్రోల్ (హెచ్‌డీసీ) పుట్టుక కథే దాని గురించి అంతా చెప్తుంది. 1997లో లాండ్ రోవర్ ఫ్రీలాండర్ వచ్చింది, దానికి లో రేంజ్ గేర్‌బాక్స్ లేదు. లో రేంజ్ ఫస్ట్ గేర్‌లో ఇంజనే బండిని పట్టి ఆపే సౌకర్యం లేదు కాబట్టి ఆ లోటు పూడ్చడానికి ఏబీఎస్ పంపుతో బ్రేకులు వేసి నెమ్మదిగా దించే ఏర్పాటు చేశారు. అంటే మొదట్లో అది లేనిదాన్ని కప్పిపుచ్చడానికి వచ్చింది. తర్వాత చూస్తే లో రేంజ్ ఉన్న బండిలో కూడా అది బాగా పనికొచ్చింది. ఎందుకంటే ఇంజన్ బ్రేకింగ్ డిఫ్‌ల గుండానే చక్రాలకి చేరుతుంది, ఒక చక్రం కింద తడి మట్టి, ఇంకోదాని కింద రాయి ఉంటే తడి మట్టి మీది చక్రం పట్టు తప్పి బండి ఒక పక్కకి లాగుతుంది. హెచ్‌డీసీ ఏ చక్రానికి ఎంత బ్రేక్ కావాలో అంతే వేస్తుంది, మనకున్న ఒక్క బ్రేక్ పెడల్‌తో ఆ పని ఎవరికీ సాధ్యం కాదు.

అయినా కిలోమీటర్ల కొద్దీ దిగే దారిలో హెచ్‌డీసీ మీదే భారం వేయొద్దు. బ్రేకులు వేడెక్కుతాయి, వేడెక్కితే పట్టు తగ్గుతుంది. లో రేంజ్, తక్కువ గేర్ వేసి బరువంతా ఇంజన్ మీద పెట్టి, హెచ్‌డీసీని పైన కాపలాగా ఉంచితే రెండిటి లాభమూ దక్కుతుంది. లో రేంజ్ లేకుండా హెచ్‌డీసీ మాత్రమే ఉన్న బండి కొంటుంటే అది చిన్న వాలుల బండి అనే లెక్కేసుకోండి.

టయోటా క్రాల్ కంట్రోల్ ఈ ఆలోచననే ఎక్కడానికి కూడా తెచ్చింది. వేగం ఎంచుకుంటే యాక్సిలరేటర్, బ్రేక్ రెండూ అదే చూసుకుంటుంది, మీకు స్టీరింగ్ మాత్రం మిగులుతుంది. మోత చూస్తే ఏదో విరిగిపోతోందేమో అనిపిస్తుంది, ఏమీ కాదు. రాళ్ల మీద కాలు అదిరి యాక్సిలరేటర్ ఎగిరెగిరి పడే కొత్త డ్రైవర్‌కి టెన్షన్ సగం తగ్గిపోతుంది, చక్రాన్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీద మనసు పెట్టొచ్చు. నాకు ఈ ఫీచర్ మీద గౌరవం ఉంది.

మోడ్ డయల్ లోపల ఏముంది

2004లో లాండ్ రోవర్ డిస్కవరీ 3తో వచ్చిన టెర్రెయిన్ రెస్పాన్స్ ఈ డయల్ సంప్రదాయానికి దారి వేసింది. డయల్ ఒక్కటే, వెనక మాత్రం యాక్సిలరేటర్ తీరు, గేర్లు మారే తీరు, మధ్య డిఫ్ ఎంత బిగించాలి, ట్రాక్షన్ కంట్రోల్ ఎంత జారనివ్వాలి, ఎయిర్ సస్పెన్షన్ ఎంత లేవాలి అన్నవన్నీ ఒకేసారి మారతాయి. రాళ్ల మోడ్‌లో పెడల్ సగం నొక్కినా ఇంజన్ కొంచెమే స్పందిస్తుంది, ఇసుక మోడ్‌లో కొంచెం నొక్కితేనే ఎగురుతుంది. ఏళ్ల అనుభవం ఉన్న డ్రైవర్ కాలితో, చేతితో చేసే సర్దుబాట్లవి, కొత్తవాడి చేతికి మొదటి రోజే అందుతున్నాయి. అది నిజమైన మేలు.

మోసం ఎక్కడ జరుగుతుందంటే, అదే డయల్, అవే ఇసుక, బురద బొమ్మలు ఏ లో రేంజూ లేని, ఎత్తూ లేని ఎస్‌యూవీల్లో కూడా కనిపిస్తాయి. వాటిలో వెనక చక్రాలకి బలం పంపేది ఒక మల్టీ ప్లేట్ క్లచ్. మంచులోనో, తడి గడ్డి మీదో బాగానే పనిచేస్తుంది. లోతు ఇసుకలో పది నిమిషాలు తంటాలు పడితే క్లచ్ వేడెక్కుతుంది, కంప్యూటర్ దాన్ని వదిలేస్తుంది, అప్పుడు మీ చేతిలో మిగిలేది ముందు చక్రాల డ్రైవ్ కారు. కాబట్టి షోరూమ్‌లో ఎన్ని మోడ్‌లు ఉన్నాయని అడగొద్దు, ప్రతి మోడ్ ఏ భాగాన్ని మారుస్తుందని అడగండి. జవాబు యాక్సిలరేటర్ స్పందన, ట్రాక్షన్ కంట్రోల్ దగ్గరే ఆగిపోతే అది ఆఫ్‌రోడ్ బండి కాదు.

ఎయిర్ సస్పెన్షన్ ఒక్కటే ఈ గుంపులో నిజంగా ఎత్తు పెంచగలదు. 2020 నాటి కొత్త లాండ్ రోవర్ డిఫెండర్ దానితో 900 మిల్లీమీటర్ల లోతు నీళ్లు దాటగలదని కంపెనీ లెక్క. కానీ బాగా పైకి లేపిన బండిలో చక్రం కిందికి వేలాడటానికి చోటు తగ్గుతుంది, గుంతల్లో చక్రాలు తొందరగా గాల్లోకి లేస్తాయి, రైడ్ బిగుసుకుపోతుంది. నీళ్లకి, రాతి గట్టుకి లేపండి, దాటాక దించండి.

లో రేంజ్ ముందు ఏదీ నిలవదు

ఒక్క యాంత్రిక భాగానికి మాత్రమే పెద్దపీట వేయమంటే నేను లాక్ కన్నా ముందు లో రేంజ్‌కే వేస్తాను. మాన్యువల్ గేర్‌బాక్స్ రూబికాన్‌లో ఫస్ట్ గేర్, లో రేంజ్, యాక్సిల్ నిష్పత్తి మూడూ గుణిస్తే సుమారు 84 వస్తుంది, అంటే చక్రం ఒక్కసారి తిరగడానికి ఇంజన్ 84 సార్లు తిరుగుతుంది. మాన్యువల్ సుజుకీ జిమ్నీలో అదే లెక్క 36 దగ్గర ఉంటుంది. ఇంజన్ బలం తక్కువైనా ఆ గుణకారమే బండిని రాయి మీదికి మెల్లగా ఎక్కిస్తుంది, ట్రాక్షన్ కంట్రోల్ వృథా చేసే సగం టార్క్‌ని కూడా అదే భర్తీ చేస్తుంది. ఆటోమేటిక్‌లో టార్క్ కన్వర్టర్ కూడా టార్క్‌ని పెంచుతుంది కాబట్టి ఈ అంకెలను మాన్యువల్‌తో నేరుగా పోల్చకండి.

జిమ్నీ పేరు ఎలాగూ వచ్చింది కాబట్టి చెప్తున్నాను, నా ఉద్దేశంలో 2018లో వచ్చిన ఈ చిన్న బండి తాజా తరం రెండు పద్ధతులనీ కలపడానికి చక్కటి ఉదాహరణ. ల్యాడర్ ఫ్రేమ్, ముందూ వెనకా రిజిడ్ యాక్సిళ్లు, లో రేంజ్, ఇవన్నీ పాత ఇనుమే. లాక్ లేని లోటుని బ్రేక్ ఎల్‌ఎస్‌డీ, అంటే బ్రేక్‌తో పనిచేసే ట్రాక్షన్ కంట్రోల్, పూడుస్తుంది. బరువు తక్కువ కాబట్టి ఆ బ్రేకుల మీద భారమూ తక్కువే.

చెడిపోతే ఏమిటి

ఎలక్ట్రానిక్స్ వద్దనేవాళ్ల వాదనంతా ఇక్కడే ఉంది, అందులో నిజం ఉంది. చక్రం దగ్గర వేలాడే స్పీడ్ సెన్సర్ వైరు పెన్సిల్ అంత కూడా లావుండదు. ఏ ఎండుకొమ్మో దాన్ని లాగేస్తే డాష్‌బోర్డ్ మీద ఏబీఎస్, స్టెబిలిటీ, ట్రాక్షన్, హిల్ డిసెంట్ దీపాలు నాలుగూ ఒకేసారి వెలుగుతాయి. నాలుగూ చెడిపోయాయని కంగారు పడొద్దు, నాలుగింటికీ సమాచారం ఇచ్చే ఒక్క తీగ తెగింది. కానీ బండి మాత్రం ఆ క్షణం నుంచి లాక్ లేని ఓపెన్ డిఫ్ బండే. కొన్నిటిలో అయితే ఎలక్ట్రిక్ డిఫ్ లాక్ కూడా కంప్యూటర్ అనుమతిస్తేనే పడుతుంది, బండి ఫోర్ లో (ఫోర్ వీల్ డ్రైవ్‌లో లో రేంజ్) లేకపోతేనో, సెన్సర్ మాట వినపడకపోతేనో లాక్ పడదు. మెకానికల్ లాక్ అని మనం మురిసిపోయేది నిజానికి మెకానికలా, కాదా అన్నది ఆ మోడల్‌ని బట్టి ఉంటుంది.

వేసిన స్టెప్నీ మిగతా టైర్ల సైజు కాకపోయినా ఇలాంటి తలనొప్పే, చక్రాల వేగాలు కలవక కంప్యూటర్ తికమకపడుతుంది. వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే మోటార్) వాడేటప్పుడు బ్యాటరీ ఓల్టేజ్ బాగా పడిపోతే సంబంధం లేని హెచ్చరికలన్నీ వస్తాయి, ఇంజన్ ఆన్‌లో ఉంచి వాడండి. డీజిల్ బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటే, నెమ్మది ప్రయాణాల్లో మసి పేరుకుంటుంది, దాన్ని కాల్చేటప్పుడు లోపల సుమారు 600 డిగ్రీల వేడి పుడుతుంది, ఆ సమయంలో ఎండు గడ్డి మీద బండి ఆపడం నిప్పుతో చెలగాటం.

అయితే పాత బండ్లు చెడిపోవని ఎవరన్నారు? కార్బురేటర్ ఇంజన్ ఉన్న బండి నిటారు గట్టు ఎక్కుతుంటే గిన్నెలో పెట్రోలు ఒక పక్కకి వాలిపోయి ఇంజన్ ఆగిపోయేది, అదీ ఆగకూడని చోట. ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ ఆ బాధని శాశ్వతంగా తీర్చేసింది. ఆఫ్‌రోడింగ్‌కి ఎలక్ట్రానిక్స్ చేసిన అతి పెద్ద ఉపకారం ఇదేనని నేను గట్టిగా నమ్ముతాను, దాన్ని మాత్రం ఎవరూ తలుచుకోరు.

మనుషులు కనిపించని చోట్లకి, రోజుల తరబడి ప్రయాణాలకి వెళ్లేవాళ్లు సాధ్యమైనంత సాదా బండి ఎంచుకోవడంలో అర్థం ఉంది. టయోటా లాండ్ క్రూజర్ 70 సిరీస్ 1984 నుంచి ఇప్పటిదాకా బతికి ఉండటానికి ఈ అవసరమే కారణం. సాయంత్రానికి ఇంటికి చేరే ప్రయాణాలైతే ఈ భయంతో మంచి ఎలక్ట్రానిక్స్ వదులుకోవద్దు. బండి కంప్యూటర్ చెప్పే తప్పు కోడ్ చదివే ఒక చిన్న ఓబీడీ రీడర్, సెన్సర్ వైర్లు అతికించే సామాను బండిలో పెట్టుకోండి, కోడ్ చూసి తప్పు ఏ చక్రం దగ్గరుందో తెలుసుకునే పాటి నేర్చుకుంటే చాలు.

నాలుగు మోటార్ల బండ్లు

2021లో రివియన్ ఆర్‌1టీ, 2024లో ఎలక్ట్రిక్ జీ క్లాస్ చక్రానికో మోటార్‌తో వచ్చాయి. డిఫే లేదు కాబట్టి లాక్ గొడవే లేదు. బ్రేక్ పంపు కన్నా ఎన్నో రెట్లు వేగంగా మోటార్ స్పందిస్తుంది, జారడం మొదలవకముందే అదుపులోకి వస్తుంది. నడపడంలో ఆ సున్నితం అద్భుతం. కానీ కాగితం మీద ఒక లెక్క వేసుకోండి. మూడు చక్రాలకి పట్టు లేని చోట మూడు లాక్‌ల బండి ఇంజన్ బలమంతా నాలుగో చక్రానికి పంపగలదు. నాలుగు మోటార్ల బండిలో ఆ చక్రానికి దొరికేది దాని సొంత మోటార్ బలమే, అంటే మొత్తంలో నాలుగో వంతు. ఎలక్ట్రిక్ జీ క్లాస్‌లో ఒక్కో మోటార్‌కీ విడిగా లో రేంజ్ పెట్టడం ఈ లోటు తీర్చడానికి బాగా పనికొస్తుంది. బరువు మాత్రం మూడు టన్నులు దాటింది, మెత్తటి నేల బరువుని క్షమించదు. ఛార్జింగ్ దగ్గర్లో ఉండి, రాళ్ల దారులు ఎక్కువైతే ఆలోచించొచ్చు. బురద, ఇసుక ఎక్కువైతే నేను ఇంకా తేలికపాటి బండి వైపే ఉంటాను.

కొనే ముందు

ట్రయల్ డ్రైవ్‌లో తారు రోడ్డు మీద ఒక చుట్టు కొట్టించి పంపేస్తారు, దానికి ఒప్పుకోవద్దు. ఫోర్ లో మీరే వేసి చూడండి, ఎంతసేపు పడుతుంది, న్యూట్రల్‌లో పెట్టాలా, పడిందని ఎలా తెలుస్తుంది. ఒక చిన్న ఐమూల గుంత దొరికితే చాలు, చక్రం లేపి, కాలు నిలకడగా పెట్టి, బండి ఎన్ని సెకన్లకి తేరుకుంటుందో చూడండి. ఒకే రకం ట్రాక్షన్ కంట్రోల్ అని పేరున్న రెండు బండ్ల మధ్య ఇక్కడ ఆశ్చర్యపోయేంత తేడా కనిపిస్తుంది, అదంతా సాఫ్ట్‌వేర్ ట్యూనింగ్, బ్రోచర్‌లో కనపడదు. కెమెరాలు ఉంటే వాటి కటకం మీద మట్టి పడితే తుడుచుకునే ఏర్పాటు ఉందా అని అడగండి, లేకపోతే మొదటి బురద గుంత తర్వాత కిందికి దిగి చూడటమే, దిగి చూడటం ఎలాగూ మంచి అలవాటే. రెండు బండ్లలో ఒకదానికి ఖరీదైన ఎలక్ట్రానిక్ ప్యాకేజీ, ఇంకోదానికి మంచి ఆల్ టెర్రెయిన్ టైర్లు, వెనక లాక్ అదే డబ్బుకి వస్తుంటే రెండోది తీసుకోండి, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

చివరిగా స్టెబిలిటీ కంట్రోల్ బటన్. చాలా బండ్లలో ఒకసారి నొక్కితే సగమే ఆగుతుంది, కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటేనే పూర్తిగా ఆగుతుంది, కొన్నిటిలో ఒక వేగం దాటగానే తనంతట తనే మళ్లీ ఆన్ అవుతుంది. ఆపేశాక ఖాళీ మట్టి నేల మీద గట్టిగా యాక్సిలరేటర్ ఇచ్చి చూడండి. ఇంజన్ ఇంకా వెనక్కి లాగుతుంటే అది పూర్తిగా ఆగలేదని అర్థం, ఇసుకలోకి వెళ్లేవాళ్లు ఆ బండిని అక్కడే వదిలేసి రావచ్చు.